ఆన్‌లైన్ వేలంలో అనుమానం కలిగించే ధర పలికితే ఏం చేయాలి? డబ్బు కట్టని కొనుగోలుదారులతో రైతులు తీసుకోవలసిన జాగ్రత్తలు

మీరు 20 క్వింటాళ్ల పసుపు కొమ్ము యార్డుకు తెచ్చారనుకుందాం. ఆ రోజు మీ రకం సరుకుకు క్వింటాలు రూ.12,000 నుంచి రూ.12,500 వరకు నడుస్తోంది. ఆన్‌లైన్ వేలంలో మీ లాట్‌కు ఒక వ్యాపారి రూ.12,400 వేశారు. ఆఖరి నిమిషంలో మరొకరు రూ.15,800 వేశారు. ఫోన్‌కు మెసేజ్ రాగానే మీరు సంతోషంగా ఇంటికి కబురు చెప్పారు.

సాయంత్రం కాటాకు ఎవరూ రాలేదు. మర్నాడు ఫోన్ చేస్తే "రేపు వస్తాం" అన్నారు. మూడో రోజు కొనుగోలుదారు మనిషి వచ్చి, రెండు కొమ్ములు విరిచి చూసి, "తేమ ఎక్కువుంది, రూ.11,500 అయితే ఎత్తుకుంటాం" అన్నాడు. అప్పటికి రూ.12,400 వేసిన వ్యాపారి తనకు కావలసిన సరుకు వేరే రైతుల దగ్గర కొనేసుకున్నారు. మీ బస్తాలు యార్డులోనే ఉన్నాయి, కిరాయి పెరుగుతోంది.

ఇవి లెక్క అర్థం కావడానికి తీసుకున్న అంకెలే. కానీ ఆన్‌లైన్‌లో పంట అమ్మే ఏ రైతుకైనా ఈ పరిస్థితి ఎదురుకావచ్చు. తెలుసుకోవలసిన ముఖ్య విషయం ఒక్కటే: వేలంలో పలికిన ధర ఒక మాట మాత్రమే. డబ్బు మీ ఖాతాలో పడే వరకు అది మీ ధర కాదు. అందుకే ఎక్కువ పాట వచ్చినప్పుడు పొంగిపోకుండా, అలాగని భయపడి వదులుకోకుండా, ఏ దశలో ఏం చేయాలో ముందే తెలుసుకుని ఉండాలి.

ఎవరైనా అంత ఎక్కువ ధర ఎందుకు వేస్తారు?

ఎక్కువ ధర పలికిన ప్రతిసారీ మోసం ఉండదు. ఎగుమతి ఆర్డరుకు సరుకు తక్కువ పడిన వ్యాపారి, లారీ నింపడానికి ఇంకా కొన్ని బస్తాలు కావలసిన వ్యాపారి, మీ సరుకులో రంగు, ఎండు బాగా ఉన్నాయని గమనించిన వ్యాపారి మార్కెట్ కంటే కొంత ఎక్కువ పెట్టవచ్చు. కానీ తేడా మరీ ఎక్కువగా ఉంటే ఈ కింది కారణాల్లో ఏదో ఒకటి ఉండవచ్చు.

మొదటిది, నొక్కడంలో పొరపాటు. ఒకే గంటలో పదుల కొద్దీ లాట్లకు ధరలు కొట్టేటప్పుడు అంకెలు తారుమారవుతాయి. 12,580 కొట్టబోయి 15,280 కొట్టడం, ఒక సున్నా ఎక్కువ పడటం, ఒక లాట్‌కు వేయాల్సిన ధర పక్క లాట్‌కు వేయడం జరుగుతుంటాయి. ఇందులో దురుద్దేశం లేకపోయినా నష్టం మాత్రం మీదే.

రెండోది, పోటీని తప్పించి ఆ తర్వాత ధర కోయడం. పైన చెప్పిన ఉదాహరణ ఇదే. ఎక్కువ ధర వేసి మిగతావారిని పక్కకు తప్పిస్తారు. రైతు ఒంటరి అయ్యాక తేమ, తాలు, మట్టి, రంగు అంటూ ఒక్కో సాకు చెప్పి ధర తగ్గిస్తారు. బస్తాలు మళ్లీ ఇంటికి తీసుకెళ్లలేని రైతు ఒప్పుకుంటాడని వారికి తెలుసు.

మూడోది, పేరు కోసం పలికించే ధర. ఖమ్మం, వరంగల్ ఎనుమాముల మార్కెట్లకు వెళ్లే రైతులకు ‘జెండా పాట’ తెలిసిందే. ఉదయం మేలైన సరుకుకు పలికిన గరిష్ఠ ధర అది. చాలామంది రైతుల చేతికి వచ్చేది అంతకంటే తక్కువే. ఆన్‌లైన్‌లోనూ ఒకటి రెండు చిన్న లాట్లకు పెద్ద ధర పలికితే అది ఫోన్లలో ఊరూరా తిరుగుతుంది. మర్నాడు సరుకు వెల్లువలా వస్తుంది, ధర పడిపోతుంది. ఒక లాట్ ధర చూసి బండి కట్టవద్దు. ఆ రోజు ఎక్కువ బస్తాలు ఏ ధరకు పోయాయో అడిగి తెలుసుకోండి.

నాలుగోది, సరుకు చేతికి చిక్కించుకుని డబ్బు ఎగ్గొట్టడం. కొనే ఉద్దేశమే లేనివాడికి ఎంత ధర వేసినా ఒకటే, కట్టేది లేదు కాబట్టి. కొత్త పేరుతో వచ్చి, మంచి ధర వేసి, కొంత బయానా ఇచ్చి, "మిగతాది సరుకు దిగాక" అని లారీ ఎత్తించుకుపోతాడు. యార్డు బయట, ఊళ్లోనే కల్లం దగ్గర జరిగే అమ్మకాల్లో ఈ ప్రమాదం ఎక్కువ.

ఐదోది, సరుకుతో పనే లేని సైబర్ మోసం. వీరికి కావలసింది మీ పసుపో ట్రాక్టరో కాదు, మీ బ్యాంకు ఖాతా. దీని గురించి కింద వేరుగా చెప్పుకుందాం.

అనుమానించవలసిన గుర్తులు

* మీ పాటకు, రెండో పాటకు మధ్య పెద్ద తేడా ఉండటం. పది మంది అనుభవజ్ఞులైన వ్యాపారులు అదే సరుకు చూసి దాదాపు ఒకే ధర వేసినప్పుడు ఒక్కరే చాలా ఎక్కువ వేశారంటే కారణం అడగాలి.
* సరుకు గానీ, శాంపిల్ గానీ, పరీక్ష ఫలితం గానీ చూడకుండానే ధర వేయడం.
* ఆ వ్యాపారి ఆ యార్డుకు కొత్త కావడం, స్థానిక కమీషన్ ఏజెంట్లలో ఎవరికీ తెలియకపోవడం.
* బేరం ఆడకపోవడం. నిజంగా కొనేవాడు నాణ్యత గురించి, బస్తా బరువు గురించి, కాటా ఎక్కడ వేస్తారన్న దాని గురించి అడుగుతాడు. మోసగాడు అవేవీ అడగకుండా "డబ్బు పంపిస్తాను, ఖాతా వివరాలు ఇవ్వండి" అంటాడు.
* ముందు ఒప్పుకున్న చెల్లింపు పద్ధతిని పాట ముగిశాక మార్చమనడం.

వీటిలో ఒకటి కనబడితే జాగ్రత్తపడండి. రెండు మూడు కలిసి కనబడితే డబ్బు పడే దాకా ఒక్క బస్తా కూడా కదలనివ్వకండి.

ఈ-నామ్‌లో ఏ దశలో ఏం చూసుకోవాలి?

కేంద్ర ప్రభుత్వం 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్‌ను ప్రారంభించింది. ఇందులో అమ్మకం వరుసగా ఇలా సాగుతుంది: గేటు దగ్గర సరుకు నమోదు, లాట్ నంబరు, శాంపిల్ తీసి నాణ్యత పరీక్ష, ఆన్‌లైన్‌లో పాట, గెలిచిన ధర ప్రకటన, రైతు అంగీకారం, కాటా, బిల్లు, చెల్లింపు, సరుకు గేటు దాటడం. ఈ వరుసలో మీకు పట్టు ఉన్న దశలు నాలుగున్నాయి.

నాణ్యత పరీక్ష: దీన్ని వద్దనుకోకండి, తొందరపడి దాటవేయకండి. తేమ శాతం, తాలు, మట్టి ఎంతో పాటకు ముందే కాగితం మీద ఉంటే, తర్వాత "తేమ ఎక్కువుంది" అనే మాటకు బలం ఉండదు. పరీక్ష ఫలితం కాపీ అడిగి తీసుకోండి లేదా ఫోన్‌లో ఫొటో తీసుకోండి. బస్తాల కుప్పను లాట్ నంబరు కనిపించేలా ఫొటో తీసి ఉంచండి. పై బస్తాల్లో మంచి సరుకు, అడుగున తక్కువ రకం పెట్టే అలవాటు ఎవరికైనా ఉంటే మానుకోవాలి. కొనుగోలుదారుకు ధర కోసే సాకు మనమే ఇచ్చినట్టవుతుంది.

అంగీకారం: ఈ-నామ్‌లో ఎక్కువ ధర పలికినంత మాత్రాన మీరు అమ్మి తీరాలని లేదు. గెలిచిన ధరను ఒప్పుకోవడానికీ, తిరస్కరించడానికీ రైతుకు హక్కు ఉంది. ధర మరీ ఎక్కువగా కనబడితే ఒప్పుకునే ముందు యార్డు కార్యాలయానికి గానీ, మీ కమీషన్ ఏజెంటుకు గానీ చెప్పి, ఆ వ్యాపారితో మాట్లాడించండి. "మీరు వేసింది క్వింటాలుకు 15,800, అవునా?" అని అడిగించండి. పొరపాటున నొక్కి ఉంటే అప్పుడే బయటపడుతుంది. అదే రోజు మళ్లీ పాట పెట్టించుకునే సమయం మీకు ఉంటుంది. మూడు రోజుల తర్వాత బయటపడితే ఆ అవకాశం ఉండదు.

కాటా: అదే రోజు కాటా వేయించమని అడగండి. కాటా ఆలస్యమైన కొద్దీ బేరం మీ చేతుల్లోంచి జారిపోతుంది. కాటా చీటీలో లాట్ నంబరు, బస్తాల సంఖ్య, నికర బరువు, ఒప్పుకున్న ధర ఉన్నాయో లేదో చూసుకోండి.

చెల్లింపు: డబ్బు ఖాతాలో పడకముందు సరుకు గేటు దాటకూడదు. చాలా యార్డుల్లో డబ్బు కమీషన్ ఏజెంటు ద్వారా వస్తుంది. అలాంటి చోట ఖరీదుదారు కట్టకపోతే బాధ్యత ఎవరిదో ముందే అడిగి తెలుసుకోండి. తక్‌పట్టీ తప్పనిసరిగా తీసుకోండి. తెల్ల కాగితం మీద రాసిచ్చిన లెక్కకు రేపు గొడవ వస్తే విలువ తక్కువ.

యార్డులో కొనే వ్యాపారికి మార్కెట్ కమిటీ లైసెన్స్ ఉండాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలం నాటి 1966 మార్కెట్ల చట్టం నుంచి ఈ నిబంధన ఉంది. లైసెన్స్ ఉన్నవాడి చిరునామా, పూచీ వివరాలు కమిటీ దగ్గర ఉంటాయి. పాట పాడి ఎగ్గొడితే అతని లైసెన్స్‌కే ఎసరు వస్తుంది. యార్డు బయట, వాట్సాప్ గ్రూపులో పాట పాడినవాడిపై మీకు అలాంటి పట్టు ఏదీ ఉండదు.

"డబ్బు పంపాను" అంటే నమ్మే ముందు

డబ్బు వచ్చిందో లేదో మీ బ్యాంకు ఖాతా నిల్వ చూసి మాత్రమే నిర్ధారించుకోండి. ఎదుటివారు చూపించే స్క్రీన్‌షాట్, వారి ఫోన్‌లో ఆకుపచ్చ టిక్కు, మీకు వచ్చిన మెసేజ్ ఏవీ సాక్ష్యం కావు. ఇవన్నీ నకిలీవి తయారు చేయవచ్చు.

"బ్యాంకు సెలవు, సోమవారం పడుతుంది" అనే సాకును కూడా నమ్మనవసరం లేదు. నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి, ఆర్టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి సెలవు రోజుల్లో సహా రోజంతా పనిచేస్తున్నాయి. ఆర్టీజీఎస్‌లో రూ.2 లక్షలు, అంతకు మించిన మొత్తాలు పంపవచ్చు. పంపానన్నవారిని యూటీఆర్ నంబరు అడగండి. ఆ నంబరుతో మీ బ్యాంకు శాఖలో డబ్బు ఎక్కడ ఆగిందో కనుక్కోవచ్చు. నంబరు చెప్పడానికి వెనకాడుతున్నారంటే పంపలేదనే అనుకోండి.

ఒక్కోసారి తప్పు మన వైపే ఉంటుంది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకుకు తెలంగాణలో ఉన్న శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు గ్రామీణ బ్యాంకులు 2025 మే 1న ఒక్కటయ్యాయి. ఇలా బ్యాంకులు కలిసినప్పుడు పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్లు మారతాయి. మార్కెట్‌లో మీ పేరు మీద పాత పాస్‌బుక్ వివరాలే నమోదై ఉంటే నిజాయితీగా పంపిన డబ్బు కూడా వెనక్కి పోవచ్చు. సీజన్ మొదలయ్యే ముందే వివరాలు సరిచూసుకోండి.

చెక్కు ఇస్తానంటే అది చెల్లుబాటై డబ్బు ఖాతాలోకి వచ్చే వరకు సరుకు ఇవ్వకండి. తేదీ ముందుకు వేసిన చెక్కు తీసుకున్నారంటే మీరు అప్పు ఇచ్చినట్టే.

పాత ట్రాక్టరు, పశువులు, పరికరాలు ఆన్‌లైన్‌లో అమ్మేటప్పుడు

పంట కంటే ఇక్కడ సైబర్ మోసాలు ఎక్కువ. పాత ట్రాక్టరు రూ.3 లక్షలకు పెడితే, పావుగంటలో ఒకరు ఫోన్ చేసి రూ.3.40 లక్షలు ఇస్తానంటారు. బండి చూడరు, ఆర్సీ అడగరు, ఇంజిన్ గురించి అడగరు. ఆర్మీలో పనిచేస్తున్నామని, దూరంగా ఉన్నామని, మనిషిని పంపి తీసుకెళ్తామని చెబుతారు. నమ్మకం కోసం గుర్తింపు కార్డు ఫొటో కూడా పంపుతారు. ఆ తర్వాత మూడు దారుల్లో ఒకటి పడతారు.

ఒకటి: "అడ్వాన్స్ పంపుతున్నాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటారు. గట్టిగా గుర్తుంచుకోండి, డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు. పిన్ కొట్టారంటే మీ ఖాతాలోంచి డబ్బు పోతున్నట్టే.

రెండు: "పొరపాటున రూ.5,000 బదులు రూ.50,000 పంపాను, మిగతాది తిరిగి పంపండి" అని నకిలీ మెసేజ్ పంపుతారు. కంగారులో నిల్వ చూసుకోకుండా తిరిగి పంపినవారు తమ సొంత డబ్బు పోగొట్టుకుంటారు. నిజంగానే ఎక్కువ పడిందనిపిస్తే మీరు పంపవద్దు, బ్యాంకుకు వెళ్లి చెప్పి వారి ద్వారానే వెనక్కి పంపించండి.

మూడు: రవాణా రుసుము, బీమా, జీఎస్టీ కట్టాలని, కడితే డబ్బుతో కలిపి తిరిగి ఇస్తామని అడుగుతారు. అమ్మేవాడు కొనేవాడికి ముందుగా డబ్బు కట్టే బేరం ఎక్కడా ఉండదు.

ట్రాక్టరు విషయంలో ఇంకొక మాట. పూర్తి డబ్బు ఖాతాలో పడకుండా తాళం, ఆర్సీ, సంతకం చేసిన బదిలీ ఫారాలు ఇవ్వకండి. ఆర్సీ మీ పేరు మీదే ఉండి బండి వేరేవాళ్ల చేతిలో ప్రమాదానికి గురైతే నష్టపరిహారం కేసు మీ మెడకే చుట్టుకుంటుంది.

గెలిచినవాడు డబ్బు కట్టకపోతే

కోపంతో ఫోన్లో గొడవ పడితే సమయం పోతుంది. వరుసగా ఈ పనులు చేయండి.

1. సరుకు మీ దగ్గరే ఉంచుకోండి. వస్తువుల అమ్మకాల చట్టం, 1930 ప్రకారం అప్పు మీద ఇస్తానని ఒప్పుకోనప్పుడు, డబ్బు అందని అమ్మకందారు తన దగ్గరున్న సరుకును పట్టి ఉంచుకోవచ్చు. "పాటలో నాదైపోయింది, ఎత్తుకుపోతాను" అనే హక్కు డబ్బు కట్టనివాడికి లేదు.

2. గడువు పెట్టి రాతపూర్వకంగా చెప్పండి. "ఫలానా లాట్, ఫలానా ధర. రేపు సాయంత్రం 5 గంటల లోపు డబ్బు కట్టకపోతే మళ్లీ అమ్ముతాను, నష్టం మీ దగ్గర వసూలు చేస్తాను" అని వాట్సాప్‌లోనైనా పంపండి, కాపీ మార్కెట్ కార్యదర్శికి ఇవ్వండి. ఈ నోటీసుకు చాలా విలువ ఉంది. అదే చట్టంలోని 54వ సెక్షన్ ప్రకారం, తిరిగి అమ్ముతానని ముందే తెలియజేసి, తగినంత సమయం ఇచ్చాక అమ్మితే, తగ్గిన ధర మొత్తాన్ని మొదటి కొనుగోలుదారు నుంచి నష్టంగా అడగవచ్చు. చెప్పకుండా అమ్మితే ఆ హక్కు పోతుంది. టమాట, కూరగాయలు, పండ్లలాంటి పాడైపోయే సరుకుకు మాత్రం ముందుగా నోటీసు ఇవ్వనవసరం లేదు, వెంటనే అమ్ముకోవచ్చు.

3. రెండో వ్యాపారిని వెంటనే కలవండి. పాట ముగిసిన రోజే రెండో ధర వేసినవారు ఎవరో యార్డులో అడిగి తెలుసుకుని, "వారు ఎత్తకపోతే మీకే ఇస్తాను" అని ఒక మాట వేసి ఉంచండి. ఈ చిన్న పని చేసిన రైతు మూడో రోజు ఒంటరివాడు కాడు.

4. మార్కెట్ కార్యదర్శికి ఫిర్యాదు రాసివ్వండి. లాట్ నంబరు, తేదీ, వ్యాపారి పేరు, ధర రాసి, రసీదు తీసుకోండి. పాట పాడి తప్పించుకునేవాడి పేరు రికార్డులోకి ఎక్కకపోతే వచ్చే వారం అతను ఇంకో రైతు లాట్‌కు ధర వేస్తాడు. ఈ-నామ్ సమస్యలకు టోల్ ఫ్రీ నంబరు 1800 270 0224.

5. సరుకు వెళ్లిపోయి డబ్బు రాకపోతే బిల్లు, కాటా చీటీ, లారీ నంబరు, ఫోన్ సంభాషణలు అన్నీ కలిపి పోలీసు ఫిర్యాదు ఇవ్వండి. మొదటి నుంచీ డబ్బు ఇచ్చే ఉద్దేశం లేకుండా సరుకు తీసుకెళ్లడం మోసం కిందికి వస్తుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఇది 318వ సెక్షన్. చెక్కు బౌన్స్ అయితే, బ్యాంకు తెలియజేసిన 30 రోజుల లోపు నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన 15 రోజుల్లో డబ్బు ఇవ్వకపోతే, ఆ తర్వాత నెల లోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. ఈ గడువులు దాటనివ్వకండి.

లాయరు ఖర్చుకు భయపడి ఊరుకోవద్దు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, నిర్ణీత ఆదాయం లోపు ఉన్నవారికి ఉచితంగా న్యాయ సహాయం దొరుకుతుంది. ఫోన్ నంబరు 15100.

ధర తగ్గించి ఎత్తుకుంటామంటే ఒప్పుకోవాలా?

ఇక్కడ చాలామంది తప్పు లెక్క వేస్తారు. కొందరు "15,800 అని 11,500 ఇస్తావా" అని పంతానికి పోతారు. మరికొందరు విసిగిపోయి అడిగిన ధరకే ఇచ్చేస్తారు. రెండూ సరికాదు. 15,800 అనే అంకెను పక్కన పెట్టేయండి, అది మీకు ఎప్పుడూ రాలేదు. మళ్లీ పాట పెడితే ఖర్చులు పోను చేతికి ఎంత వస్తుందో దానితోనే పోల్చుకోండి.

మొదటి ఉదాహరణే చూద్దాం. ఈరోజు మళ్లీ పాట పెడితే క్వింటాలుకు రూ.12,000 వస్తుందనుకోండి. 20 క్వింటాళ్లకు రూ.2,40,000. అదనపు హమాలీ, కిరాయి, రానుపోను ఖర్చు రూ.2,500 అనుకుంటే చేతికి రూ.2,37,500, అంటే క్వింటాలుకు రూ.11,875. కాబట్టి రూ.11,500కు ఇస్తే రూ.7,500 నష్టపోతారు. రూ.11,900 ఇస్తానంటే, అదీ అక్కడికక్కడే డబ్బు వేస్తానంటే, ఇవ్వడం నష్టం కాదు. మార్కెట్ పడిపోతోందా, నిలకడగా ఉందా అన్నది కూడా చూసుకోండి.

తగ్గించిన ధరకు ఇచ్చినా బిల్లులో అసలు ధరే రాయించి, మిగతాది ‘తరుగు’ అని కోయడానికి ఒప్పుకోకండి. అలా చేస్తే మీరు 15,800కే అమ్మినట్టు రికార్డు ఉంటుంది, నష్టానికి ఆధారం ఉండదు.

అసలు ఈ ఒత్తిడికి మూలం ఒకటే. వచ్చిన రోజే అమ్ముకోకపోతే అప్పు తీర్చలేని పరిస్థితి. పసుపు, మిర్చి, మొక్కజొన్న లాంటి నిల్వ ఉండే పంటలకు గోదాములో సరుకు పెట్టి, దాని మీద రుణం తీసుకునే వీలు ఉంది. మీ మార్కెట్ కమిటీలో తాకట్టు రుణం ఇస్తున్నారా, దగ్గర్లో గుర్తింపు పొందిన గిడ్డంగి ఉందా అన్నది పంట కోతకు ముందే కనుక్కోండి. నాలుగు రోజులు ఆగగలిగే రైతు దగ్గర ఈ ఎత్తుగడ పనిచేయదు.

మన వైపు నుంచి కూడా తప్పు జరగకూడదు

ధర పెంచడానికి బావమరిదితోనో, స్నేహితుడితోనో పాట పాడించే ఆలోచన కొందరికి వస్తుంది. వద్దు. అమ్మేవాడు తన తరఫున పాడిస్తున్నానని ముందుగా ప్రకటించకుండా ధర పెంచడానికి దొంగ పాట పాడిస్తే, కొనుగోలుదారు ఆ అమ్మకాన్ని రద్దు చేసుకోవచ్చని 1930 చట్టంలోని 64వ సెక్షన్ చెబుతోంది. పైగా మన మనిషి పాటే ఆఖరుదైతే సరుకు మన దగ్గరే మిగిలిపోతుంది, నిజమైన కొనుగోలుదారు వెళ్లిపోతాడు. ఇంతకంటే తక్కువకు అమ్మకూడదనుకుంటే ఆ కనీస ధరను ముందే చెప్పండి, లేదా వచ్చిన ధరను తిరస్కరించండి. ఆ హక్కు మీకు ఎలాగూ ఉంది.

మీరే పాత ట్రాక్టరు వేలంలోనో, చెరువు వేలంలోనో పాట పాడుతుంటే, ఎంత వరకు వెళ్లాలో కాగితం మీద రాసుకుని కూర్చోండి. వేలం ముగిసిందని ప్రకటించే వరకు పాటను వెనక్కి తీసుకోవచ్చు. ప్రకటించాక మాట తప్పితే కట్టిన ధరావతు పోవచ్చు.

గుర్తుంచుకోవలసినవి

* నాణ్యత పరీక్ష ఫలితం, బస్తాల ఫొటో పాటకు ముందే మీ ఫోన్‌లో ఉండాలి.
* తేడా ఎక్కువగా ఉన్న పాటను ఒప్పుకునే ముందు ఆ వ్యాపారితో ధర మళ్లీ చెప్పించండి.
* రెండో పాట వేసినవారి పేరు అదే రోజు తెలుసుకోండి.
* కాటా, డబ్బు, ఆ తర్వాతే గేటు. ఈ వరుస మార్చవద్దు.
* డబ్బు వచ్చిందని ఖాతా నిల్వ చూసి మాత్రమే నమ్మండి. డబ్బు అందుకోవడానికి పిన్ కొట్టవద్దు.
* కట్టకపోతే గడువుతో నోటీసు, కార్యదర్శికి ఫిర్యాదు, ఆ తర్వాత మళ్లీ పాట.

సైబర్ మోసంలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. పంట, మార్కెట్ సమాచారం కోసం కిసాన్ కాల్ సెంటర్ 1800 180 1551లో తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ నంబర్లను ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. యార్డుకు వెళ్లే రోజు మీతో వచ్చే పక్క రైతుకు కూడా చెప్పండి.